ఎడమవైపు కమాను

మా వ్యాను ఎడమవైపుకి ఒరిగిందని ఆ వానాకాలంలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. కనిపెట్టకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది గాని, నా కళ్లు అలాంటివి కావు. మేస్త్రి కూతుర్ని. ఎదురుగా బండి వస్తుంటే అందరూ దాని ముఖం చూస్తారు, నేను దాని నడుం చూస్తాను.

మా నాన్న నలభై ఏళ్లు కమాన్ కట్టలు కొట్టాడు. వంపు తిరిగిన ఇనప పట్టీలు ఏడు, పెద్దదాని కింద చిన్నది చొప్పున పేర్చి, నడుమ బోల్టు బిగించి, వెనక ఇరుసు మీద కూర్చోబెడితే అదే కమాను. బండి బరువంతా దాని మీదే. తమ్ముడు ఈ మసి నాకొద్దని మిల్లులో చేరాడు, నేను నేర్చుకున్నాను. రెండేళ్ల కిందట నాన్నకి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంట్లో లోపలి పొర ఊడితే అతికించారు. “సుత్తి దెబ్బ అదురుకి మళ్లీ ఊడిందంటే ఈసారి అతకడానికి ఏమీ మిగలదు” అన్నాడు కళ్ల డాక్టరు. ఆ సాయంత్రమే నాన్న చేతిలోంచి సుత్తి లాక్కున్నాను. ఎదురుగా మా పని షెడ్డు కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదని ఆయన్ని ఊరి చివర తమ్ముడింటికి పంపేశాను. మొండిదాన్ననే అనుకోండి.

మా ఆయనది మెత్తటి పని. పెద్దాసుపత్రికి ఉతికిన దుప్పట్లు, దిండ్లు మోస్తాడు. బండి మాదే, పాతది. అక్కడ స్టోరు చూసే పెద్దమనిషిది ఒకటే షరతు: రోగుల పక్కలు ఎక్కే బండిలో ఇంకో సరుకు కనిపించిందా, ఆ రోజుతో పని ఆఖరు.

అలాంటి బండి ఎడమవైపుకి ఒరిగింది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి దూర్చి చూశాను. కుడివైపు నాలుగు వేళ్లూ సుఖంగా పట్టాయి. ఎడమవైపు రెండు వేళ్లకే బిగిసింది. కింద పడుకుని టార్చి వేస్తే, విల్లులా ఉండాల్సిన కమాను చాపలా చదునుగా ఉంది.

“ఏమండీ, బండిలో ఏం మోస్తున్నారు?”

“దిండ్లు.”

“దిండ్లు మోస్తే కమాను ఇలా చచ్చిపోతుందా?”

“గుంటలు మేస్త్రీ. వానకి రోడ్డంతా గుంటలే కదా.” నన్ను మేస్త్రీ అని పిలవడం ఆయనకి సరదా.

“గుంటలన్నీ ఎడమవైపే ఉన్నాయా?”

నవ్వాడు. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది. పదకొండేళ్లుగా ఆ సొట్ట చూసి చాలా సంగతులు వదిలేశాను. ఆ రోజు మాత్రం మనసొప్పలేదు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే బండి వెనక తలుపు తీసి మోకాళ్ల మీద లోపలికి పాకాను. కింద పరిచిన రబ్బరు పట్టా లేపితే ఎర్రటి తుప్పు పొడి. ఎడమవైపు పొడుగునా గీతలు, ఇనుము ఈడ్చిన గీతలు. పట్టా మళ్లీ సర్ది, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వడ్డించాను. ఆయనా ఏమీ ఎరగనట్టే తిన్నాడు.

ఆ నెలలోనే లారీల స్టాండులో సామాన్లు పోతున్నాయని నా షెడ్డుకొచ్చే డ్రైవర్లంతా మొత్తుకుంటున్నారు. ఇవాళ ఒకరి జాకీ, రేపు ఒకరి ఇరుసు. “ఎవరో బండి ఉన్నవాడే ఎత్తుకుపోతున్నాడు” అనేవాళ్లు. వింటూ బోల్టులు బిగించేదాన్ని. ఆ మాట నా గురించే అంటున్నట్టు చెవులు వేడెక్కేవి.

ఒక గురువారం స్టోరు పెద్దమనిషికి ఫోన్ చేశాను. పదింటికే దింపేసి వెళ్లిపోయాడన్నాడు. మా ఆయన ఇల్లు చేరింది మూడింటికి.

“ఇంతసేపా?”

“ఆసుపత్రిలో లైను పెద్దదిగా ఉంది. అబ్బ, ఏం లైననుకున్నావు!”

లైను పొడుగెంతో చేతులు చాపి మరీ చూపించాడు. అబద్ధానికి కొలతలు కూడా ఇస్తున్నాడని ఒళ్లు మండింది.

మా ఆడపడుచు చూడ్డానికి వస్తే ఆగలేక కొంచెం కక్కేశాను. “వదినా, మా అన్నయ్య నవ్వుతూ అబద్ధం చెబుతున్నాడంటే ఎవరో ఆడమనిషే” అని తేల్చేసింది.

“కమాను చదునయ్యేంత ఆడమనిషి ఊళ్లో తిరుగుతుంటే ఈపాటికి నా కంట పడేదే.”

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆవిడ వెళ్లాక నాకు భయం వేసింది. ఆడమనిషైతే పోట్లాడి తేల్చుకోవచ్చు. దొంగ సామాన్లైతే ఎవరితో పోట్లాడాలి? ఆసుపత్రి పని పోతే ఇంకో పని వెతుక్కుంటాం. కానీ పదకొండేళ్లు పక్కన పడుకున్న మనిషి ఎవరో నాకు తెలియదని తేలితే, ఆ తర్వాత ఆ ఇంట్లో నేనెలా ఉండాలి? ఆ వానాకాలమంతా నన్ను తొలిచిన పురుగు అదే.

నాన్ననైనా అడుగుదామని ఆదివారం తమ్ముడింటికి వెళ్లాను. తమ్ముడు మిల్లులో ఉన్నాడు. నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు, తువ్వాలు ఒళ్లో వేసుకుని, చేతులు దాని కింద పెట్టుకుని. మనిషి హుషారుగా ఉన్నాడు. రెండేళ్లుగా అంత హుషారు చూడలేదు.

“నాన్నా, దిండ్లు మోసే బండికి కమాను చదునైందంటే ఏమనుకోవాలి?”

“కుడా, ఎడమా?”

“ఎడమ.”

ఒళ్లో తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. “పాత ఇనుము కదమ్మా, అలిసిపోయుంటుంది. మార్చెయ్.”

“మార్చడం నాకు తెలుసు. ఏం మోస్తే అలా అవుతుందని అడుగుతున్నా.”

“మార్చెయ్యమంటున్నాగా!” అని విసుక్కున్నాడు.

కమాను ఊసెత్తితే గంటసేపు వదలని మనిషి, రెండు ముక్కల్లో తేల్చేశాడు. అంటే మా ఆయన ఈయన్ని కూడా తనవైపు తిప్పుకున్నాడన్నమాట. బస్సెక్కి ఇంటికొస్తుంటే నాకు నావాళ్లంటూ ఎవరూ లేరనిపించింది.

కమాన్లు మారుద్దామన్నాను. మా ఆయన వెంటనే, “కట్టలు నేను తెస్తాలే. పాత సామాన్ల కొట్టులో మంచివి చూశాను” అన్నాడు.

“నా షెడ్డులో ఇనుము లేదా?”

“నీ ఇనుము గిరాకీలకి ఉంచుకో.”

వారం తిరక్కుండా రెండు కట్టలూ తెచ్చాడు. చక్కటి వంపు. అంత చక్కటి వంపు పాత సామాన్ల కొట్టులో దొరకదు. పైగా పట్టీలన్నిటికీ నల్లరంగు. కమానుకి ఎవరైనా రంగేస్తారా? తుప్పు గీకి నూనె రాస్తాం, అంతే. రంగేశారంటే కింద ఏదో కప్పెట్టడానికే. గోటితో గీకబోయాను.

“ఏయ్, గీకకు. ఇంకా ఆరలేదు” అని చెయ్యి పట్టుకున్నాడు.

కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులకి శనివారమే కిరసనాయిలు పట్టించి ఉంచాను. ఆదివారం పొద్దున్నే ఇద్దరం పనిలోకి దిగాం. ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మలు అడ్డం పెట్టాం. జాకీతో వెనక భాగం లేపి, ఛాసీ చట్రం కింద ఇనప స్టాండ్లు నిలబెట్టి, చక్రాలు ఊడదీశాం. ఇరుసు జారకుండా దాని కింద రెండో జాకీ. బండి బరువు స్టాండ్ల మీద, ఇరుసు బరువు జాకీ మీద, కమాను మీద ఏదీ లేదు అనుకున్నాకే బోల్టు మీద చెయ్యి వెయ్యాలి. తొందరపడితే పట్టీ ఎగిరి మూతి పగలగొడుతుంది.

యూ బోల్టులు వదిలాయి. బ్రేకు గొట్టం లాక్కుపోకుండా ఇరుసుని అంగుళం అంగుళంగా దించాను. కమాను ముందు చివరని చట్రానికి తగిలించిన కొక్కెం పిన్ను సుత్తితో తట్టి తీశాను. వెనక పిన్ను మొరాయిస్తే మా ఆయన కడ్డీ పెట్టి, పళ్లు బిగించి, దాని తాత ముత్తాతల్ని తిట్టి మరీ లాగాడు. పాత కమాను ధడేల్మని పడింది. చూస్తే ఎడమ కట్టలో మూడు పట్టీలకి వెంట్రుక మందాన పగుళ్లు.

“చూశారా, దిండ్ల బరువు?” అన్నాను.

“ఏం దిండ్లో ఏమో, రోజురోజుకీ బరువెక్కిపోతున్నాయి” అన్నాడు నుదురు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా.

కుడివైపు కట్ట ఇద్దరం కలిసి ఎక్కించాం. పని చేస్తున్నంతసేపూ మేం మంచి జోడీయే. స్పానరు అనకముందే చేతిలో పెడతాడు. ఎడమవైపుకి వచ్చేసరికి ఆయన్ని బయటికి పంపాను.

“రబ్బరు బుష్షులు రెండు పాడయ్యాయి. వెళ్లి తెండి.”

“ఇంత వానలోనా?”

“వాన తగ్గాక వెళితే కొట్టు మూసేస్తారు.”

ఆయన గోనెపట్టా నెత్తిన కప్పుకుని వెళ్లాడు. బుష్షులు నిజానికి నా దగ్గరున్నాయి. కొత్త కట్టని బల్లకున్న ఇనప దవడల మధ్య బిగించి, నడిమి బోల్టు తీశాను. పైనుంచి మూడో పట్టీ లాగేసి నూనె డబ్బాల వెనక దాచాను. ఎత్తు తగ్గితే ఆయనకి తెలిసిపోతుందని దాని స్థానంలో జానెడు పొడుగు ఉత్త పలక పెట్టి మళ్లీ బిగించేశాను. మడ్‌గార్డు లోపల తెల్ల సుద్ద పూశాను. దిండ్లు మోస్తే ఏ తేడా రాదు. ఇనుము ఎక్కిస్తే ఆ పక్క కుంగి, టైరు వెళ్లి సుద్దకి రాసుకుంటుంది. అప్పుడు ఏ సొట్టా నన్ను ఆపలేదు. విరుగుతుందేమోనన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. పక్కకి నెట్టేశాను.

ఆయన తడిసి ముద్దై తిరిగొచ్చేసరికి ఎడమ కట్ట ఇరుసు మీద కూర్చుంది.

“అప్పుడే ఎక్కించేశావా, ఒక్కదానివే?”

“మేస్త్రి కూతుర్ని కదా.”

చక్రాలు బిగించి, బండి నేలమీదికి దించి, బరువు పడ్డాక యూ బోల్టులు ఆఖరి చుట్టు బిగించాను. బండి తిన్నగా నిలబడింది. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, “కొత్త పెళ్లికొడుకులా ఉంది” అన్నాడు. ఆ సంతోషం చూసి, చెప్పేద్దామా అనుకున్నాను. లైను పొడుగు చేతులతో చూపించిన రోజు గుర్తొచ్చి, చెప్పలేదు.

సోమవారం సుద్ద చెదరలేదు. మంగళ, బుధవారాలూ అంతే. గురువారం పదకొండింటికి షెడ్డులో ఫోన్ మోగింది. మా ఆయన.

“కోపం తర్వాత తెచ్చుకో, ముందు విను. నాన్న బాగానే ఉన్నారు.”

“ఎవరి నాన్న?”

“మీ నాన్న.”

ఎలా వెళ్లానో గుర్తులేదు. పెద్దరోడ్డు పక్కన మురుగుకాలవలోకి వ్యాను ఒరిగి ఉంది. ఎడమ కమాను పెద్ద పట్టీ విరిగి, ఇరుసు వెనక్కి జరిగి, చక్రం అడ్డంగా ఇరుక్కుంది. వెనక తలుపు ఊడి, లోపలున్న సరుకంతా బురదలో పడింది. కమాన్ పట్టీలు, పదీ పదిహేను. రంగు లేనివి, కొత్తగా వంపు తట్టినవి. వాన వాటిని కడుగుతోంది. సుత్తి గుంటలన్నీ కుడివైపుకి వాలి ఉన్నాయి. నాన్నలా ఎడమచేతి వాటం మేస్త్రి కొడితేనే అలా పడతాయి. చిన్నప్పుడు ఆ గుంటల్లో వేళ్లు పెట్టి ఆడుకున్నదాన్ని నేను.

నాన్న రాయి మీద కూర్చుని నుదుటికి తువ్వాలు అదుముకున్నాడు. తువ్వాలు ఎర్రగా ఉంది. అరచేతుల నిండా బొబ్బలు.

“కన్ను నాన్నా, కన్ను?”

“కనిపిస్తున్నావులే. అరవకు.”

నుదుటికి నాలుగు కుట్లు వేశారు. తర్వాత కళ్ల డాక్టరు నాన్నని చీకటి గదిలోకి తీసుకెళ్లి తలుపేశాడు. మేమిద్దరం బయట బెంచీ మీద. అడక్కుండానే మా ఆయన చెప్పుకొచ్చాడు. ఎండాకాలంలో నాన్నే ఫోన్ చేశాడట. “గోడలు చూసి చూసి పిచ్చెక్కుతోంది అల్లుడూ, నాలుగు పట్టీలు తెచ్చి పడెయ్” అన్నాడట. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు పాత సామాన్ల కొట్టు నుంచి చదునైన పట్టీలు తీసుకెళ్లడం, నాన్న తమ్ముడి పెరట్లో వంపు తట్టినవి తిరిగి తెచ్చివ్వడం. ఆ రోజు తన పట్టీలు కొట్టు దగ్గర లారీకి బిగిస్తుంటే చూస్తానని నాన్న బండెక్కాడు.

“చిన్న సుత్తే వాడారు” అన్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఆపేసేదానివి.”

“ఆపేసేదాన్నే.”

“అందుకే. మన బండికి వేసిన కట్టలు కూడా ఆయన కొట్టినవే. నా కూతురు బిగించే కమాను నా చేత్తోనే కొడతానని మూడు రోజులు కూర్చున్నారు. గుంటలు నువ్వు గుర్తుపడతావని రంగు నేనే వేశాను” అన్నాడు.

డాక్టరు తలుపు తీసి, అతుకు కదల్లేదు, ఇంకో దెబ్బ మాత్రం తట్టుకోదు అన్నాడు. మా ఆయన రెండు చేతులూ జోడించాడు. నాకు ఏడుపు వచ్చింది. అది సంతోషమనే ఆయన అనుకున్నాడు.

శనివారం బండిని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. ఎంత వద్దన్నా వినకుండా నాన్నా వచ్చాడు. విరిగిన కట్ట బల్ల మీద పెట్టమన్నాడు. కుట్లకి కట్టు కట్టి ఉంది, ఉన్న ఒక్క కంటికీ మందు వేసి మసకగా ఉంది. వేళ్లతో తడిమి చూసుకున్నాడు. ఒక్కో పట్టీ అంచు పట్టుకుని లెక్కపెడుతుంటే పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు. వేలు పలక మీద ఆగింది. ఇటు చివర తడిమాడు, అటు చివర తడిమాడు. వంపు లేని జానెడు ముక్క. ఆ పలక తనంతట తను అక్కడికి రాదని నాన్నకి ఒకరు చెప్పాలా?

తల నా వైపు తిప్పాడు. మళ్లీ అల్లుడి వైపు తిరిగాడు.

“పెద్ద పట్టీలో పగులుంది అల్లుడూ. నా చూపుకి ఆనలేదు. తప్పు నాదే. ఇకమీదట నాకు ఇనుము తేకు.”

“అలా అనకండి మామయ్యా. పాత ఇనుము, ఎవరికైనా విరుగుతుంది.”

నేను నోరు మూసుకుంటే చాలు. నాన్న సుత్తి మానేస్తాడు. కన్ను నిలుస్తుంది. మా ఆయన ముందు నా పరువూ మిగులుతుంది. రెండేళ్లుగా నేను కోరుకున్నదంతా చేతికందింది. కాసేపు అలా నిలబడ్డాను కూడా, సిగ్గులేకుండా.

“పగులు లేదు” అన్నాను. “ఏడు పట్టీలకి ఆరే వేశాను. మూడోది తీసేసి పలక పెట్టాను. కావాలనే.”

“నువ్వూరుకోవే!” అన్నాడు నాన్న.

మా ఆయన ముఖం కేసి చూశాను. “బుష్షులకి పంపింది అందుకా?” అన్నాడు.

“అందుకే.”

“నేనేం మోస్తున్నాననుకున్నావు?”

“దొంగ సామాన్లు. లారీలవి.”

ఆయన గుడ్డతో చేతులు ఒక్కో వేలూ తుడుచుకుని, గుడ్డ బల్ల మీద మడిచిపెట్టి, బయటికెళ్లి వానలో నిలబడ్డాడు.

కొత్త కట్ట నేనే కొట్టాను. నాన్న పక్కన కూర్చుని ఒక్కో పట్టీనీ వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, పగులుందో లేదో చెప్పాడు. ఇప్పుడు రోజూ షెడ్డుకొస్తాడు. సుత్తి జోలికి పోడు, నా చేతిలో ఉన్నది మాత్రం సరిగ్గా పట్టుకోలేదని తిడతాడు. ఆసుపత్రి వాళ్లకి చక్రం బోల్టు ఊడిందని చెప్పి గట్టెక్కాం. ఆ అబద్ధం చెప్పింది నేనే, ఒక్కసారి కూడా తడబడలేదు.

మా ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. చెల్లెలికీ చెప్పలేదు. అరిచినా, నాలుగు రోజులు మాట్లాడకపోయినా నాకు హాయిగా ఉండేది. కానీ ఆ వారం నుంచే సాయంత్రం బండి ఆపి ఇంట్లోకి వస్తూనే, నేను అడక్కుండా చెప్పడం మొదలుపెట్టాడు. “ఇవాళ దిండ్లు నలభై, దుప్పట్లు నూటిరవై. ఇంకేం లేవు.” మొదట వెక్కిరిస్తున్నాడనుకున్నాను. వెక్కిరింపు కాదు, గొంతు మామూలుగానే ఉంది.

“చెప్పక్కర్లేదండీ” అన్నాను.

“పర్లేదు, చెప్పనీ.”

వానలు వెనకబట్టాయి. రోడ్లు ఆరాయి. ఆయన చెప్పడం మానలేదు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి బతిమాలాను, నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు మళ్లీ చెప్పాడు.

నిన్న జ్వరం వచ్చి పనికి వెళ్లలేదు. పొద్దుగూకేదాకా ముసుగు తన్ని పడుకున్నాడు. షెడ్డు మూసి ఇంటికొచ్చి, నుదుటి మీద చెయ్యి వేశాను. కళ్లు తెరవకుండానే అన్నాడు.

“ఇవాళ బండి తియ్యలేదు. ఏమీ మొయ్యలేదు.”